పారిసు రోము చాటువు: తార్నాక టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ.వె. ప్లాను వేసె మామ పారిసు రోముకు
చాయి కప్పు చేత సాక్షి గాను
వీస సంగతేల వేంకటేశుడు జూచు
పైకమెంత యనిన పలుకడొకడు

అవతారిక

ఈ చాటువు కర్త ఎవరో తెలియదు. ఉస్మానియా హాస్టల్ గోడ మీద బొగ్గుతో రాసిన తొలి ప్రతిని సున్నం మింగేసింది. ఇప్పుడు మిగిలింది తార్నాకలో ఒక చాయి బండి దగ్గర, మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం మీది ప్రతి ఒక్కటే. నూనె మరక మూడో పాదం దాకా పాకింది కానీ అక్షరాలు ఆనుతున్నాయి. సందర్భం ఊహించడం కష్టం కాదు. తెల్లారితే సెమిస్టరు పరీక్ష. రాత్రి పదకొండు దాటింది. ప్రపంచ యాత్ర తలపుకు రావడానికి ఇంతకు మించిన ముహూర్తం విద్యార్థి జాతకంలో లేదు.

ప్రతిపదార్థం

మామ = తోటి విద్యార్థి (మేనమామ కాదు; పిల్లనిచ్చిన మామ అంతకన్నా కాదు, ఆయనే ఉంటే నాలుగో పాదం అవసరమే పడేది కాదు); పారిసు రోముకు = పారిస్‌కు, రోమ్‌కు; ప్లాను వేసె = పథకం రచించెను; చాయి కప్పు చేత = చేతనున్న చాయి కప్పు; సాక్షి గాను = సాక్షి కాగా; వీస సంగతి ఏల = వీసా ఊసు మనకెందుకు; వేంకటేశుడు జూచు = ఆ స్వామే చూసుకొనును; పైకము ఎంత యనిన = డబ్బెంత అని అడగ్గా; పలుకడొకడు = ఒక్కడూ నోరు మెదపడు.

విశేషాలు

'మామ' కర్తా, సంబోధనా అన్నది మొదటి చిక్కు. కర్త అయితే ప్లాను వేసిన నేరం మామ మీద పడుతుంది. సంబోధన అయితే వేసినవాడు ఎవరో తేలక అందరూ తప్పించుకుంటారు. హాస్టల్ సంప్రదాయం రెండో అన్వయాన్నే ఆదరిస్తుంది.

'పారిసు రోముకు' అన్నచోట 'పాపికొండలదాక' అని ఒక పాఠాంతరం ఉంది. గణాలు సరిపోతాయి, యతి సరిపోతుంది, బడ్జెట్ కూడా సరిపోతుంది. అయినా గ్రాహ్యం కాదు. కారణం రసం దగ్గర చెబుతాను.

ఈ రెండు ఊళ్ళనే జంటగా కూర్చడంలో కవి లోకజ్ఞత ఉంది. రెంటికీ ఒకే షెంగెన్ వీసా చాలు. దాని మీద 29 దేశాలు తిరగవచ్చు, 180 రోజుల్లో 90 రోజులు ఉండవచ్చు. అయితే దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలి? ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటే ఆ దేశానికి; రెండుచోట్లా సమానమైతే ముందు అడుగు పెట్టే దేశానికి. బజ్జీల కాగితం వెనకవైపు పెన్సిలుతో 'పారిస్ 3, రోమ్ 3' అని ఉంది. మూడు కొట్టేసి నాలుగు, నాలుగు కొట్టేసి మళ్ళీ మూడు. విమానం అన్నచోట ప్రశ్నార్థకం. ఆ పక్కనే, చెయ్యి మారి, మెస్ బకాయి లెక్క. ఈఫిల్ టవరా, కొలోసియమా అన్న తగువులో ఎంత రాత్రి గడిచిందో ఆ కొట్టివేతలే చెబుతున్నాయి. శ్రాద్ధ తిథి నిర్ణయం మీద కూడా ఇంత శాస్త్రార్థం జరగదు.

భాష రాని దేశంలో ఎలాగని అడిగేవారికి సమాధానం: క్యాంపస్ పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. ఫ్రెంచి, జర్మన్, రష్యన్, జపనీస్ అక్కడ నేర్పుతారు. మనవాళ్ళు అటు వెళ్ళేది క్యాంటీన్‌కే కనుక ఈ విషయం ఇంతటితో చాలు.

రెండో పాదం సుగమం. పెళ్ళికి అగ్ని ఎలాగో ప్లానుకు చాయి అలాగ. వన్ బై టూ చెబితే సాక్ష్యం చెల్లుతుందా అని కొందరు శంకిస్తారు. చెల్లుతుంది.

మూడో పాదంలో వేంకటేశుడు ఎవరు? తిరుమల స్వామి అని పూర్వ వ్యాఖ్యాత ఒకరు. అది పొసగదు. ఇక్కడ ఉద్దేశించినది ఉస్మాన్‌సాగర్ దగ్గరి చిలుకూరు బాలాజీని. వీసా బాలాజీ అని లోకప్రసిద్ధి. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. నిర్ణాయకమైన ఆధారం వేరే ఉంది: ఆ గుడిలో హుండీ లేదు. నాలుగో పాదంలో పైకం ఊసెత్తితే నోళ్ళు మూసుకునే భక్తులకు హుండీ లేని దేవుడే తగినవాడు. మూడు, నాలుగు పాదాలకు ఇంత గట్టి అన్వయం కుదరడం అరుదు. 'వీసా'ను 'వీస' చేయడం గణం కోసమే అయినా, వీసమెత్తు సొమ్ము లేనివాళ్ళని శ్లేషగా కూడా తీసుకోవచ్చు.

'పైకమెంత' అనగానే పలికినవాళ్ళు లోకంలో లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, ఈ హైదరాబాదు మీదుగానే కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఎక్కడ మజిలీ, దారి ఎలాంటిది, ఏ ఊళ్ళో ఏ వస్తువు దొరుకుతుంది, అన్నీ రాసిపెట్టుకున్నాడు. అది 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. ప్లాను, యాత్ర, లెక్క మూడూ ఒక్క మనిషిలో కుదిరిన సందర్భం అది.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటే వీపు వెనకే ఉంటుంది. 1930 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని లోకంలోని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. అడిగే పని లేకుండా ఖజానాయే పలికింది. తార్నాక పరిసరాల్లో పుట్టిన ప్రపంచ యాత్రా ప్రణాళికల్లో పైకం సిద్ధంగా ఉన్నది నాకు తెలిసి ఇదొక్కటే. వాళ్ళు ఈజిప్టులో ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పిని పట్టుకున్నారు. కైరో పక్కన హెలియోపాలిస్‌లో భవనాలు కట్టినవాడు ఆయన. ఇక్కడికి వచ్చి ఆయన చూసింది మన పాత కట్టడాలనే. 1934లో శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఆ భవనంలో కమానుల సరసనే అజంతా, ఎల్లోరా గుహల తీరు స్తంభాలు నిలబడ్డాయి. లోకమంతా తిరిగినవాళ్ళు చివరికి ఔరంగాబాదు దగ్గర తేలారన్నమాట. యాత్ర దండగ అని దీనికి అర్థం తీయరాదు. తిరక్కపోతే అది కూడా తేలేది కాదు.

రసం

అంగిరసం అద్భుతమని ఒకరు, నాలుగో పాదాన్ని బట్టి హాస్యమని మరొకరు. ఇద్దరూ పొరబడ్డారు. ఇది శృంగారం, అందులో విప్రలంభం, అందులోనూ పూర్వరాగం. దమయంతి నలుణ్ణి చూడక ముందే హంస మాటలు విని వలచింది. మనవాడికి హంస యూట్యూబ్. దేశదేశాలు తిరిగే తెలుగు కుర్రాళ్ళు ఫోన్ ఎత్తిపట్టుకుని 'ఇదిగో చూడండి ఫ్రెండ్స్' అనగానే, హాస్టల్ మంచం మీద దోమతెరలోనే కంటికి నిద్ర కరువవుతుంది. తిండి సయించదు (మెస్‌లో అది వేరే కారణం వల్ల కూడా కావచ్చు). రోమ్‌లో ఏ మెట్రో ఎక్కి ఎక్కడ దిగాలో నోటికి వచ్చేస్తుంది. తార్నాక స్టేషన్ మాత్రం నాగోల్, రాయదుర్గం దారిలో ఉందని గుర్తు చేయాలి. చేతికందే పాపికొండల మీద ఈ రాగం పుట్టదు. రేపే బస్సెక్కగలిగే చోటికి ఎవడు విరహపడతాడు? అందుకే ఆ పాఠాన్ని తోసిపుచ్చాను.

నన్నడిగితే ఈ పూర్వరాగంలోని సుఖం యాత్రలో లేదు. యాత్రలో చెప్పు కరుస్తుంది, క్యూ కదలదు, ఎవడో ఒకడు అలుగుతాడు. ప్లానులో అలిగినవాడు కూడా రెండో చాయికి తిరిగొస్తాడు.

దోషం

పద్యంలో న్యూనపదత్వం అనే దోషం ఉంది. ప్లాను ఉంది, చాయి ఉంది, వీసా ఉంది, దేవుడున్నాడు. పాస్‌పోర్టు మాట లేదు. విచారిస్తే, బజ్జీల కాగితం మీద సంతకాలు చేసినవాళ్ళలో ఒక్కడికీ అది లేదని తేలింది.

తాత్పర్యం

మిత్రుడొకడు పారిస్, రోమ్ నగరాలకు చాయి సాక్షిగా పథకం వేశాడు. వీసాను దేవుడికి అప్పగించాడు. ఖర్చు అడిగితే అందరూ ఫోన్లలోకి తలలు దించారు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని అర్ధరాత్రి గ్రూపులో పెట్టినవాడికి వెంటనే అడ్మిన్ పదవి, తెల్లారేసరికి పరీక్షలో అన్యదేశ సంచార ఫలం లభిస్తాయి. నిజంగా వెళ్ళాలనుకునే చదువరులకు ఒక్క మనవి: 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. రోమ్‌లో మూడు రాత్రులా, నాలుగా అన్నది తర్వాత తేల్చుకుందురు గాని, ముందు దానికి దరఖాస్తు పెట్టండి.