నూజివీడు తోటలో ఖాళీ గడి తగలకుండా చీటీ తీయు విధము

కావలసినవి: నూజివీడు దగ్గర ఒక హెక్టారు మామిడి తోట, ఒక ల్యాప్‌టాప్ (2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉన్న ఊరు, దొరక్కపోదు), కాయలు లెక్కపెట్టడానికి వెళ్లి మిట్టమధ్యాహ్నానికే తిరిగొచ్చేసిన ఒక కుర్రాడు.

పది మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు వంద చెట్లు. పది అడ్డువరుసలు, పది నిలువువరుసలు: లెక్కల మాస్టారి మాత్రిక ఇదే. కుర్రాడు 70 చెట్లు చూశాడు, 30 గళ్లు ఖాళీ. కాపు అంచనాకు పది చెట్లను చీటీ వేసి తీయాలి.

1. ఖాళీ గళ్లన్నిటా సున్నా వేసేయండి. మామిడి ఒక ఏడు విరగకాసి మరో ఏడు ముఖం చాటేసే చెట్టు గనక మీ సున్నాను ఎవరూ అనుమానించరు. నిజంగా కాయని పెద్దరసం, కుర్రాడు చూడనే చూడని చిన్నరసం ఒకే లెక్కలో కలిసిపోతాయి. అంచనా పడిపోతే తిట్టుకోవడానికి తేనెమంచు పురుగు ఉండనే ఉంది.

2. సున్నాకు మనసొప్పకపోతే -1 వేయండి. ఆ చెట్టు మీకో కాయ బాకీ పడ్డట్టు. కూడికలో వసూలైపోతుంది.

3. పద్ధతి తెలిసినవాళ్లు ఖాళీ గడిలో ‘నాన్’ పెడతారు, అంటే సంఖ్య కానిది. ఒక్కో గడినీ ‘నువ్వు నాన్‌తో సమానమా?’ అని అడగండి. అన్నీ కాదనే అంటాయి. 1985 నాటి ఐఇఇఇ 754 ప్రమాణం ప్రకారం నాన్ తనకు తానే సమానం కాదు మరి! తోటంతా నిండుగా ఉందని సంబరపడండి. నంపై లైబ్రరీలో నాన్ గళ్లను పట్టిచ్చే ‘ఈజ్‌నాన్’ ఉందని ఎవరైనా చెబితే వినపడనట్టు ఉండండి.

4. ముందు ఒక అడ్డువరుస, తర్వాత అందులో నిండిన ఒక గడి తీయండి. ఏదైనా వరుసలో ఒక్క చెట్టుకే లెక్క ఉంటే, 70లో ఒక వంతు దక్కాల్సిన దానికి పదిలో ఒక వంతు దక్కుతుంది. ఇక తోటకు అదే సర్పంచ్.

5. నిండిన గడి తగిలేదాకా తీస్తూనే ఉండమని లూపుకు చెప్పండి. పక్షపాతం లేదు, సగటున చెట్టుకు చీటీన్నర కూడా పట్టదు. కాకపోతే కుర్రాడు అసలు తోటకే వెళ్లని రోజున ఆ లూపు వచ్చే ఏటి పూతదాకా తిరుగుతూనే ఉంటుంది.

6. ఇవేవీ నచ్చని మొండివాళ్లు ఈజ్‌నాన్‌తో ఖాళీలు ఏరేసి, మిగిలిన 70 గళ్ల జాబితాలోంచి, తీసింది మళ్లీ రాకుండా పది తీసుకుంటారు. రెండే లైన్ల కోడు.

కోడు పని అక్కడితో సరి. ఆ 30 ఎందుకు ఖాళీ అన్నది దానికి తెలీదు. కుర్రాడు గట్టు పక్క చెట్లు చూసి లోపలివి వదిలేసి ఉంటే, మీరు తీసిన పదీ గట్టు సంగతే చెబుతాయి గానీ తోట సంగతి చెప్పవు. అందుకే చీటీలు కలిపేముందు తలకు తువ్వాలు చుట్టుకుని ఆ 30 చెట్లదాకా ఒకసారి నడిచి రండి.