కొండవీటి చేంతాడును రైలెక్కించు విధము

గొడవంతా టిక్కెట్టు దగ్గరే మొదలవుతుంది. విజయనగరంలోనో పార్వతీపురంలోనో కౌంటరు ముందు నిలబడి "కోటా" అన్నారనుకోండి, లోపలున్నాయన మీ పక్కనున్న పిల్లాడి వంక జాలిగా చూసి, ఐఐటీ కోచింగు కాబోలనుకుని రాజస్థాన్ కోటాకి కొట్టేస్తాడు. మన కోటా అది కాదు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ లైను పట్టుకుంటే ఉసలాపూర్, ఘుట్కూ దాటాక వచ్చేది. ఊరి పేరు కోటా, స్టేషను పేరు కర్గీరోడ్, రైల్వే వాళ్ళ సంకేతం కె.జి.బి. ఏడున్నర అడుగుల ఇనప వస్తువును గోనెపట్టాలో చుట్టి భుజానేసుకొచ్చి, "ఇది కె.జి.బి.కి పోవాలండీ" అని చెప్పేటప్పుడు మొహం వీలైనంత అమాయకంగా పెట్టడం మొదటి సూత్రం.

ఆ వస్తువేమిటో చెప్పాలి కదా. మా మావయ్య జీవితమంతా గూడ్సు వ్యాగన్లు బాగుచేసి రిటైరయ్యాడు. రిటైరైన రైల్వే మనిషికి రామకోటి రాసుకోవడమో, ఇంటి పెరట్లో వెల్డింగు చేసుకోవడమో తప్ప మూడో దారి ఉండదు. రామకోటి అత్తయ్య అప్పటికే మొదలెట్టేసింది. మావయ్య రెండు పాత సైకిళ్ళను కోసి, ఒకటిగా అతికించి, నడుమ ప్లాస్టిక్ కుర్చీ బిగించాడు. దానిమీద వెనక్కి జారబడి, కాళ్ళు ముందుకు చాపి తొక్కాలి. ముందు చక్రం పెడళ్ళకన్నా ముందు, పక్క వీధిలో ఉన్నట్టుంటుంది. రెండు ఇరుసుల మధ్య దూరం ఆరడుగులకు కొంచెం తక్కువ. గొలుసు సంగతి అడక్కండి, మామూలు సైకిలు గొలుసులు మూడు కలిపినంత. నడుంనొప్పి ఉన్నవాడికి మాత్రం అది సింహాసనమే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మనవాళ్ళు దానికి కొండవీటి చేంతాడని పేరు పెట్టారు.

మనవాళ్ళంటే ఎవరో అనుకునేరు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇటువైపు పట్టాలు పరుస్తుంటే, ఆ పనుల వెంబడి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో దిగబడిపోయిన వాళ్ళ మనవలూ మునిమనవలూ. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, డ్యూటీలో హిందీ. కాబట్టి ఈ సైకిలుకు మూడు భాషల్లోనూ ఉచితంగా సలహాలు అందుతాయి. అన్నిట్లోకీ ఎక్కువసార్లు వినబడేది ఒక్కటే: "యే కా హే గా?" ఇదేటి బాబూ, అని. దీనికి జవాబు చెప్పడం మొదలుపెడితే బండి తప్పిపోతుంది. నవ్వి ఊరుకోండి.

కోటాలో సి.వి. రామన్ పేరిట ఒక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఇంజినీరింగు చదివే కుర్రాడొకడు ఫోనులో ఫొటో చూసి, "అంకుల్, ఒక్కసారి తెచ్చి చూపించండి" అన్నాడు. ఆ ముక్క మావయ్య చెవిన పడింది. "ఒరే అల్లుడూ, రైల్లో ఏసుకెళ్ళిపోదాం" అన్నాడు. జీవితమంతా రైల్వేలో పనిచేసినవాడికి రైల్లో ఏదైనా పడుతుందన్న నమ్మకం ఉంటుంది. అలాంటి నమ్మకం ఉన్నవాణ్ణి వెంట తీసుకెళ్ళకండి, దారి పొడుగునా ఓదార్చాల్సొస్తుంది.

పార్సిల్ కౌంటరు. ఏ ఊరిదో చెప్పను. గుమస్తాగారు కళ్ళజోడు పైకి తోసి, "ఇది సైకిలు కాదు" అంటారు. నొచ్చుకోకండి, ఆయన వెనక గొప్ప సంప్రదాయం ఉంది. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి కుర్రాడు, పెద్ద పేరున్న పందెగాడేమీ కాదు, షార్ల్ మోషే తయారుచేసిన ఇలాంటి వాలు సైకిలు మీద పడుకుని గంటలో 45 కిలోమీటర్ల పైచిలుకు తొక్కేశాడు. ఆస్కార్ ఎగ్ 1914లో నెలకొల్పిన రికార్డు, దాదాపు ఇరవయ్యేళ్ళు ఎవరికీ లొంగనిది, అలా పోయింది. ప్రపంచ సైకిలు సంఘం వారు కంగారుపడి, 1934లో కూర్చుని ఆలోచించి, అసలిది సైకిలే కాదని తేల్చారు. ప్యారిస్ నుంచి బయల్దేరిన ఆ తీర్పు తొంభై ఏళ్ళు ప్రయాణం చేసి, నిదానంగా, మన గుమస్తాగారి బల్ల దాకా చేరుకుంది.

"అయితే ఇదేమిటి?" అని మాత్రం ఆయన్ని ఎదురు అడగొద్దు. ఆయన దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. అందులో సైకిలుందిట, మోటారు సైకిలుందిట, మేకలూ కోళ్ళూ ఉన్నాయిట. పడుకుని తొక్కేది లేదు. మావయ్య ఇక్కడ పొరపాటు చేశాడు. "వికలాంగుల బండి అనుకోండి" అన్నాడు. సర్టిఫికెట్ అడిగారు. "ఫర్నిచర్ అనుకోండి" అన్నాడు. ఫర్నిచర్‌కి చక్రాలెందుకున్నాయన్నారు. అదీ నిజమే.

మీతోపాటే పెట్టెలోకి ఎక్కించుకుందామన్న ఆలోచన కూడా వస్తుంది. రానివ్వండి, కాసేపుండి అదే పోతుంది. ప్రయాణికుడి వెంట పెట్టెలో పెట్టుకునే సామాను 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు మించకూడదని రైల్వే నిబంధన. ఈ కొలతలో ఇమిడే సైకిలు మూడేళ్ళ పిల్లలకు మాత్రమే దొరుకుతుంది. తూకంలో మాత్రం మనది పతివ్రతే. స్లీపర్‌లో 40 కిలోలు, సెకండ్ క్లాసులో 35 కిలోలు ఉచితంగా తీసుకెళ్ళొచ్చు, మన చేంతాడు ఇరవై నాలుగు దాటదు. నిబంధనను పక్కన పెట్టినా తలుపుంది. రైలు తలుపులోంచి ఏదైనా తిన్నగా లోపలికే పోతుంది. ఆ తరువాత కుడికో ఎడమకో తిరగాలి. ఏడున్నర అడుగులది తిరగదు. ఒక కొస వాష్‌బేసిన్ మీద, ఇంకో కొస ఎదుటి తలుపులోంచి బయట. ఆ భంగిమలో ఉండగా వెనకనుంచి ఒకావిడ రెండు బుట్టల టమాటాలతో ఎక్కింది. ఆవిడ అన్న మాటలు ఛత్తీస్‌గఢీలో కాబట్టి కొంత మర్యాదగా వినిపించాయి.

పొడవంటే రైల్వేకి పడదని దీన్నిబట్టి అనుకోకండి. ప్రాణం. 2022 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి డెబ్భయ్యైదేళ్ళయిన సందర్భంగా, బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న ఆగ్నేయ మధ్య రైల్వేయే సూపర్ వాసుకి అనే గూడ్సు నడిపింది. ఐదు గూడ్సు బళ్ళను ఒకదానికొకటి తగిలించి, ఆరు ఇంజన్లు పెట్టి, 295 వ్యాగన్లలో బొగ్గు పోసి, కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ వైపు తోలింది. పొడవు మూడున్నర కిలోమీటర్లు! మావయ్య ఆ వార్త కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. కౌంటర్లో దాన్ని తీసి, "ఇదెళ్ళగా లేంది, ఇది వెళ్ళదా?" అని బల్ల మీద పరిచాడు. గుమస్తాగారు చదివి, మడతపెట్టి, తిరిగిచ్చి, "మీరూ బొగ్గు నింపుకు రండి" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

రెండో సూత్రం ఏదో చెప్పాలనుకున్నాను, టమాటాల గొడవలో మరిచిపోయాను.

సైకిలును విప్పడమే మేలని ఇక్కడికి ఎవరికైనా తెలిసొస్తుంది. స్టేషను బయట గోనెపట్టా, సుతిలి తాడుతో కూర్చునేవాళ్ళుంటారు. మోటారు సైకిలైతే కళ్ళు మూసుకుని కట్టేస్తారు. మీ బండి చూస్తే కళ్ళు తెరుస్తారు, రేటు కూడా తెరుస్తారు. ముందు చక్రం, కుర్చీ, హ్యాండిలు ఊడదీసి, గొలుసును విడిగా సంచిలో వెయ్యాలి. నూనె ఓడుతున్న ఆ గొలుసు సంచిని తెల్ల చొక్కా వేసుకున్న మనిషి చేతికివ్వడం ఆనవాయితీ. మా ఇంట్లో అది నేను. పానాలు మాత్రం జేబులో ఉంచుకోండి. వాటిని కూడా మూటలో కట్టించేసిన మహానుభావుడు మా మావయ్య.

విప్పిన ముక్కలు మీ బండికే తగిలించిన లగేజీ వ్యానులో పడ్డాయనుకుందాం. ఆ వ్యాను రైలుకు ఆ కొసనో ఈ కొసనో ఉంటుంది. చిన్న స్టేషన్లలో రైలు పెద్దది, ప్లాట్‌ఫారం పొట్టిది. మీ పెట్టె ముందు సిమెంటు నేల, మీ సైకిలు ముందు కంకర. ఆగేదేమో రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో మీరు రైలు పొడుగునా పరుగెత్తి, వెనకున్న గార్డుగారిని బతిమాలాలి. గార్డుగారనకండి. 2022 జనవరి నుంచి ఆయన ట్రైన్ మేనేజర్. పాత పేరుతో పిలిస్తే మిగిలిన అరనిమిషం కూడా పోతుంది. మాకు ఓ స్టేషన్లో ఫ్రేము దిగింది, ముందు చక్రం దిగలేదు. చక్రం ఒక్కతే కొండలూ సొరంగాలూ చూసుకుంటూ పెండ్రా రోడ్ దాకా విహారయాత్ర చేసి, మూడోనాడు ఇంటికొచ్చింది. దాని రంగు కూడా కాస్త తేరింది.

ఇంక బస్సు. ఛత్తీస్‌గఢ్‌లో మన ఆర్టీసీ లాంటిది లేదు, అన్నీ ప్రైవేటు బళ్ళే. అందుకే పుస్తకం లేదు, నిబంధన లేదు, కండక్టరు మొహమే చట్టం. ఇది మంచి వార్త. ఊరి బస్సయితే టాపు మీదికి విసిరేస్తారు, నిచ్చెన మీద మావయ్య, పైన క్లీనరు, కింద నేను. అక్కడ సైకిలుకు పైన చింతకొమ్మలు, పక్కన మేకపిల్ల. రాత్రి బస్సయితే డిక్కీ. బస్సు వెడల్పు 2.6 మీటర్లు మించకూడదని మోటారు వాహనాల నిబంధన, మన చేంతాడు 2.3. అంటే ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా లెక్క ప్రకారం సరిపోవాలి. లెక్క చూసి మావయ్య పొంగిపోయాడు. డిక్కీ తెరిస్తే నడుమ ఇనప గోడ, గోడకిటూ అటూ ఉల్లిపాయల బస్తాలు. కండక్టరు సైకిలును అటు తిప్పి ఇటు తిప్పి, "పడుకుని తొక్కేది కదా, స్లీపరు టిక్కెట్టు తీసుకో" అన్నాడు. ఛార్జీ వేసే పద్ధతిలో అంత తర్కం నేను రైల్వేలో చూడలేదు. బేరం చేసి సీటింగు టిక్కెట్టుకు ఒప్పించాం.

ఈ మొత్తం వ్యవహారంలో ఎవడో ఒకడు తప్పకుండా తగులుతాడు. టీ తాగుతూ, గ్లాసు కింద పెట్టకుండానే, "కోటా ముప్పై కిలోమీటర్లే కదా, తొక్కుకుంటూ పోవచ్చు కదా?" అంటాడు. వాడితో మాట కలపకండి. వాడు మీ ఇంట్లో పుట్టినా సరే.

మొన్న శీతాకాలంలో మావయ్యకు చెప్పకుండా నేనొక్కణ్ణే తొక్కుకుంటూ బయల్దేరాను. రైలు టిక్కెట్టు కూడా కొని జేబులో పెట్టుకున్నాను, ఆయన అడిగితే చూపించడానికి. సగం దారిలో లెవెల్ క్రాసింగు గేటు పడింది. బొగ్గు గూడ్సు. మిగతావాళ్ళు బళ్ళు దిగి ఒళ్ళు విరుచుకుంటున్నారు. నాకు దిగే పనిలేదు, కుర్చీలో ఆనుకునే ఉన్నాను. నేను టిక్కెట్టు కొన్న బండి దీని వెనకెక్కడో సిగ్నలు కోసం చూస్తూ ఉండుంటుంది. పడుకుని వ్యాగన్లు లెక్కపెట్టడానికి ఇంతకంటే అనువైన వాహనం లేదు. మామూలుగా యాభై ఎనిమిదో యాభై తొమ్మిదో ఉంటాయి. నలభై దగ్గర ఒక ముసలాయన వచ్చి, "యే కా హే గా?" అన్నాడు. లెక్క తప్పింది. ఫరవాలేదు, గేటు తీసేలోపు ఇంకోటి వస్తుందని గేటుమన్ చెప్పాడు.