పెద్దమ్మ లేని దారులు

ఇప్పటి పిల్లల్ని పేదరాశి పెద్దమ్మ ఎవరని అడిగి చూడండి, తెల్లమొహం వేస్తారు. మా రోజుల్లో ఆవిడ తెలియని పసివాడు లేడు. రాకుమారుడు ఏ దేశం వెళ్ళినా ఊరి చివర ఆవిడ పూరిల్లు ఉండాల్సిందే. గుర్రాన్ని చెట్టుకి కట్టేసి చేతిలో నాలుగు వరహాలు పెడితే, కాళ్ళకి నీళ్ళిచ్చి అన్నం వండి పెట్టేది. తిన్నాక మొదలయ్యేది అసలు సంగతి. రాక్షసుడికి రోజుకో మనిషినీ బండెడు అన్నాన్నీ ఎందుకు పంపుతున్నారో, ఇవాళ వంతు ఎవరిదో, రాజుగారి కూతురికి నోరెందుకు పడిపోయిందో ఆవిడే చెప్పాలి. చెప్పకపోతే కథ అడుగు ముందుకి పడదు. కత్తి అతనిదే, దారి మాత్రం ఆవిడకి తెలుసు. 1947లో చందమామ వచ్చాక ఇలాంటి కథలు అచ్చులో చదువుకున్నాం గానీ, అంతకుముందు వాటికి నెలవు సత్రం అరుగులే.

ఉత్త కల్పన అనుకోకండి. పూటకూళ్ళ ఇళ్ళు మనకి తరతరాలుగా ఉన్నవే. క్రీడాభిరామం అనే పాత వీధినాటకంలో ఓరుగల్లు పూటకూటి భోజనం ఉంది: కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అన్నీ ఒక్క రూకకి! కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ సంగతి వేరే చెప్పాలా? గిరీశం మీదికి చీపురుకట్ట పట్టుకొచ్చిన మనిషి. ఇంట్లో దిగినవాడి గుట్టు ఆవిడ దగ్గర దాగేది కాదు.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య, ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయో, ఎక్కడ సరుకు దొరుకుతుందో, ఎక్కడ సత్రం ఉందో రాసుకుంటూ పోయాడు. అడిగితే చెప్పే మనుషులు దారి పొడుగునా ఉండబట్టే అంత రాయగలిగాడు.

కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి మాటా చెప్పాలి. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి, ఏ వేళప్పుడు గడప తొక్కినవారికైనా అన్నం పెట్టింది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో వెళ్తోందట. దారిలో ఓ పెళ్ళివారు ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని ఊరుకోబెడుతున్నారు: "గన్నవరం వచ్చేస్తోంది, సీతమ్మగారు అన్నం పెడుతుంది." ఆ మాట చెవిన పడగానే స్వామి దర్శనం మానుకుని పల్లకి వెనక్కి తిప్పించిందట. ఈ కథ విన్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆవిడ పేరు పెట్టింది. మంచి పని.

ఆనాటి సత్రాల్లో చాలావాటికి కులం గోడలుండేవి. కొందరికి పంక్తిలో విస్తరి, కొందరికి గుమ్మం బయట ముద్ద. ఆ గోడలు కూలినందుకు నాకు చింత లేదు, అవి కూలాల్సినవే. వాటితోపాటు మాటా మంతీ కూడా ఎందుకు కూలిపోవాలి?

ఇప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడ ఆగినా ఒకటే తంతు. గాజు తలుపు, కూపన్ కౌంటరు, టోకెన్ నంబరు కేక. రాత్రికి ఉండాలంటే ఆధార్ కార్డు చూస్తారు, అందులో మన ఊరి పేరు ఉన్నా 'ఎక్కడినుంచి బాబూ?' అని అడగరు. ఎదురుగా కనపడే కొండ పేరేమిటని అడిగితే ఫోన్‌లో చూసుకోమంటారు. ఆ కొండకో కథ ఉంటుంది, ఆ చెరువు గట్టు మీది అమ్మవారికో అలక ఉంటుంది. చెప్పే నోరు లేక అవన్నీ మైలురాళ్ళ వెనకే ఉండిపోతున్నాయి.

కౌంటరు దగ్గరి కుర్రాణ్ణి తప్పుపట్టను. ఏ ఒడిశా నుంచో బీహార్ నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చిన బిడ్డ, ఈ కొండ పేరు అతనికేం తెలుస్తుంది? కానీ వాళ్ళ ఊరి కొండ పేరు తెలుసు, దాని కథా తెలుసు. బల్లలు ఖాళీగా ఉన్న వేళ చూసి అడగండి, పక్కన మీ పిల్లల్ని కూచోబెట్టుకుని మరీ అడగండి.