నేను వికెట్ల గోడను

నేనొక కాంపౌండ్ గోడను. ఉండేది హైదరాబాద్ సైదాబాద్‌లో. ఐ.ఎస్. సదన్ చౌరస్తా నుంచి చంపాపేట వైపు పోతుంటే ఎడాపెడా చీలే గల్లీల్లో ఒకదాని కొసన ఉన్నాను. పునాది నల్లరాయి, పైన ఇటుక, ఆపైన సిమెంటు పూత. పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలు 1983 ఎండాకాలంలో నన్ను లేపారు. నా వెనుక ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి ఇల్లు, నా ముందు ఎవరిదో ఖాళీ ప్లాటు. మేకలొచ్చి పూలమొక్కలు మేయకుండా మాస్టారు నన్ను కట్టించుకున్నారు.

ఆ జూన్ 25న లార్డ్స్‌లో కపిల్ దేవ్ ప్రపంచ కప్పు అందుకున్నాడు. కొన్నాళ్లకే గల్లీ పిల్లవాడొకడు పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చి నా మీద మూడు నిలువు గీతలు గీశాడు. అప్పటి నుంచి ఈ గల్లీలో నా పేరు వికెట్ల గోడ.

చెక్క వికెట్లకు బంతి తగిలితే ఎగిరిపడతాయి, అందరికీ తెలిసిపోతుంది. నేను పడను. మరి బంతి గీతకు తగిలిందో, పక్క నుంచి పోయిందో తేల్చేదెవరు? మొదటి నెలంతా అదే గొడవ. వానలు ముదిరాక దానికి మందు దొరికింది. నీటిగుంటలో పడి తడిసిన బంతి నాకు తగిలితే రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్ద గుండ్రటి మచ్చ పడేది. మచ్చ అంచు గీతను ముట్టుకుంటే ఔట్. వేలెడు పక్కన ఉంటే ఆట సాగుతుంది. ఎండ కాస్తే ఆ మచ్చ చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి అరుస్తూ నిలబడటానికి టైముండదు. రెండు జట్లూ పరుగున వచ్చి, నా ముందు వంగి చూసి ఒప్పుకునేవి. వానలు పోయాక కూడా బౌలర్లు బంతిని నల్లా కింద తడిపి వేయడం మానలేదు.

ఇక్కడి చట్టాలన్నీ అలా అవసరం కొద్దీ పుట్టినవే. ఎడమ పక్కింట్లో తులసికోట, దాని వెనుక అద్దాల కిటికీ. అందుకని బంతి నేరుగా ఆ ఇంట్లో పడితే సిక్సర్ కాదు, ఔట్. పైగా కొట్టినవాడే పోయి తేవాలి. "ఆంటీ, మా బాల్ మీ ఇంట్ల పడ్డది, జర ఇయ్యుండ్రి" అని గేటు దగ్గర నిలబడి అడిగే పని అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పడేది. జాగా ఇరుకు, ఫీల్డర్లు తక్కువ. అందుకని ఒక టిప్పు పడిన బంతిని ఒంటిచేత్తో పట్టినా క్యాచే. పిల్లలు బేసి సంఖ్యలో వస్తే మిగిలినవాణ్ని ఇంటికి పంపరు, జోకర్‌గా రెండు జట్లకూ ఆడిస్తారు. చివరివాడు ఒంటరిగానైనా బ్యాటింగ్ చేయవచ్చు. మొదటి బంతి ట్రయల్, దాన్ని లెక్కలోకి తీసుకోరు. బట్టా కొడితే, అంటే చెయ్యి వంచి విసిరితే, నో బాల్. ఎవరి కిటికీ పగలకూడదు, ఏ పిల్లవాడూ ఆట లేకుండా తిరిగిపోకూడదు. చట్టాలన్నీ ఈ రెండింటి కోసమే.

మొదట్లో ఆరేడుగురే ఆడేవారు. తర్వాత పక్క గల్లీ వాళ్లతో బెట్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఓడిన జట్టు కొత్త బంతి కొనివ్వాలి. ఎండాకాలం సెలవుల్లో వెనుక గల్లీ, గుడి గల్లీ, నీళ్ల ట్యాంకు గల్లీ కూడా కలిసేసరికి నాలుగు జట్లయ్యాయి. మనిషికింతని చందా వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో బ్యాటు కొన్నారు. షార్జాలో సచిన్ ఆస్ట్రేలియాను చితక్కొట్టిన 1998 వేసవిలో నా కుడి పక్క సుద్దముక్కతో తొలిసారి పాయింట్ల పట్టిక వెలిసింది. రెండు జట్లకు పాయింట్లు సమానమైతే ఎలాగని తగాదా వస్తే, మేడ మీద కూర్చుని స్కోరు రాసే ఒక అమ్మాయి నెట్ రన్ రేట్ లెక్క కట్టి చూపించింది. మరుసటి ఏడాది ఆ అమ్మాయి స్కోరు పుస్తకం తమ్ముడికిచ్చి, ట్యాంకు గల్లీ జట్టుకు ఆఫ్ స్పిన్ వేసింది. మిథాలీ రాజ్ పెరిగిన నగరంలో ఆడపిల్ల బంతి పట్టిందని ఆశ్చర్యపోయే తీరిక మా వాళ్లకు లేదు. అందరికీ ఆమె బంతిని ఎలా ఆడాలన్నదే చింత.

2008లో ఐపీఎల్ వచ్చాక లీగు రూపం మారింది. పెద్దపిల్లలు కెప్టెన్లయి, కాగితం మీద తలా వెయ్యి పాయింట్లు రాసుకుని, నా నీడలో కూర్చుని వేలం పాడారు. దాంతో గల్లీల హద్దులు చెరిగిపోయాయి. గుడి వెనుక పిల్లవాడు, మసీదు పక్క పిల్లవాడు ఒకే జట్టులో ఓపెనర్లయ్యారు. రంజాన్ నెలలో తరావీ నమాజు ముగిశాక రాత్రి మ్యాచ్‌లు. ప్లాటులో వెదురు గడలు పాతి బల్బులు కట్టేవారు. కరెంటు మాస్టారి ఇంటి నుంచి, చాయ్ ఎదురింటి నుంచి. బంతి పోయి ఎవరి మేడ మీద పడినా వెతికేది ఇరవై మంది. పట్నంలో ఎప్పుడైనా ఉద్రిక్తత అని పుకారు పుడితే, ఈ పిల్లల ఇళ్ల పెద్దలు ఒకరికొకరు ఫోన్ చేసి కనుక్కునేవారు. ఆ నంబర్లు వాళ్లకు ఈ ఆటతోనే అందాయి.

నాకు తగిలే టెన్నిస్ బంతి గురించీ చెప్పాలి. తోలు బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. టెన్నిస్ బంతి 60 గ్రాములైనా ఉండదు. పిచ్ మీద పడితే ఛాతీ ఎత్తుకు లేస్తుంది, బ్యాటు మీదికి ఆగి ఆగి వస్తుంది. బౌలరు వేగాన్ని వాడుకుందామంటే దానిలో ఆ బరువే లేదు. మణికట్టు విసురుతో బ్యాట్స్‌మన్ తన వేగాన్ని తానే పుట్టించుకోవాలి. బౌలరు కూడా యార్కర్ గురిగా వేయకపోతే బతకలేడు. దీన్ని చిన్నపిల్లల ఆట అని చులకన చేసేవాళ్లకు నేను రెండు పేర్లు చెబుతాను. చాంద్రాయణగుట్టలో ఒక ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ. బార్కస్ మైదానంలో దోస్తులతో టెన్నిస్ బంతి ఆడుతుండగా కోచ్ సలాం బయాష్ కంటపడ్డాడు. 2025 సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్లో 69 పరుగులతో చివరిదాకా నిలిచి పాకిస్తాన్ మీద గెలిపించాడు. ఆటో నడిపిన తండ్రికి కొడుకు మహమ్మద్ సిరాజ్. టెన్నిస్ బంతి మీదే వేగం నేర్చి 2015లో హైదరాబాద్‌కు రంజీ ఆడాడు. 2025 ఆగస్టులో ఓవల్‌లో భారత్ 6 పరుగులతో నెగ్గిన టెస్టులో చివరి వికెట్ అతనిదే. టెన్నిస్ బంతికి ఇప్పుడు దేశస్థాయి పోటీ కూడా ఉంది. 2024లో ఠాణేలో మొదలైన ఐఎస్‌పీఎల్‌లో హైదరాబాద్ జట్టుకు యజమాని మన రామ్ చరణ్.

మా లీగు నుంచి అమెరికా పోయిన ఒకబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు ఒక వింత బంతి తెచ్చాడు. పేరు విఫుల్ బాల్. తెల్లటి ప్లాస్టిక్, లోపల డొల్ల, ఒక సగంలో ఎనిమిది కోల రంధ్రాలు. 1953లో కనెటికట్ రాష్ట్రంలోని ఫెయిర్‌ఫీల్డ్‌లో డేవిడ్ ములానీ అనే ఆయన తన కొడుకు కోసం తయారు చేశాడట. ఇంటి పెరట్లో బేస్‌బాల్ ఆడుకోవాలి, కిటికీలు పగలకూడదు, బంతి మాత్రం బాగా వంగాలి. రంధ్రాల వల్ల గాలి ఒక పక్క ఒకలా, మరో పక్క ఇంకోలా తగిలి, బలం పెట్టకుండానే వంకర తిరుగుతుంది. మా పిల్లలు దాన్ని నా మీదికి వేసి చూశారు. ఆఫ్ స్టంప్ బయట మొదలైన బంతి లెగ్ స్టంప్ గీతకు వచ్చి తగిలింది. అక్కడా దోస్తులు పెరట్లో మొదలుపెట్టి, జట్లు కట్టి, పట్టికలు రాసి లీగులు నడుపుతారని ఆ అబ్బాయి చెబుతుంటే అందరూ చుట్టూ చేరి విన్నారు. వాళ్ల కిటికీ ఒక బంతిని, మా తులసి వెనుక కిటికీ ఒక చట్టాన్ని పుట్టించాయన్న మాట.

2016లో నా ముందున్న ప్లాటులో అపార్ట్‌మెంట్ లేచింది. నాకూ దానికీ మధ్య ఇప్పుడు ఒక కారు పట్టేంత దారి మిగిలింది. లీగు ఆగలేదు. ఆదివారాల పొద్దున పూట సరూర్‌నగర్ వి.ఎం. హోమ్ మైదానానికి తరలింది. అక్కడ పక్కపక్కనే ఎన్నో మ్యాచ్‌లు. ఒక ఆటలో లాంగాన్ ఫీల్డరు ఇంకో ఆట బౌలరుకు భుజం తగిలేంత దగ్గర్లో నిలబడతాడు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక, ఉద్యోగాలకని మియాపూర్ వైపు చేరిన పాత ఆటగాళ్లు కూడా దిగి వస్తున్నారు. చేతిలో డబ్బులున్నవాళ్లు ఎల్బీనగర్, నాగోలు వైపు వలకట్టిన బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లలో గంటల లెక్కన అద్దె కట్టి ఆడుతున్నారు.

నా బాధంతా పదేళ్ల పిల్లల గురించి. వాళ్ల చేతిలో గంట అద్దె లేదు. ఆదివారం పొద్దున్నే అంత దూరం పొమ్మని ఇంట్లో పంపరు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో ప్లాస్టిక్ బంతితో ఆడబోతే కార్లకు గీతలు పడతాయని తరిమేస్తారు. ఇక్కడ లీగు నడిపిన వాళ్లంతా ఆ వయసులోనే మొదలుపెట్టారు. వాళ్లకు లీగు ఎవరో పెట్టి ఇవ్వలేదు. బడి వదిలాక నడిచి చేరుకునే దూరంలో కొంచెం ఖాళీ జాగా దొరికింది, అంతే.

కాలనీ పెద్దలకు నేను చెప్పేదొకటే. లేఅవుట్ వేసినప్పుడు 10 శాతం స్థలం అందరి కోసం ఖాళీగా వదలాలని నియమం ఉంది. మీ కాలనీలో ఆ స్థలం ఎక్కడుందో కాగితాలు తీసి చూడండి. కబ్జాలో ఉంటే విడిపించండి, చెత్త ఉంటే ఎత్తించండి. పార్కు చేసినా ఒక మూల గడ్డి, బెంచీలు పెట్టకుండా మట్టినేలగా వదలండి. ఆ మూలకు ఒక గోడ ఉంటే దాని మీద "ఇక్కడ ఆడరాదు" అని రాయించకండి. మిగతాది పిల్లలు చూసుకుంటారు.