నియామక సంఘము వారికొక విన్నపము

మహారాజశ్రీ గూగుల్ సంస్థ నియామక సంఘము వారి దివ్యసముఖమునకు, తమ వాకిట ఏనాడును నిలువని, నిలువగల వయస్సు కూడ దాటిన ఒక తెలుగు లేఖకుడు సవినయముగా వ్రాసికొను బహిరంగ లేఖ. ఇచ్చట క్షేమము. తమ క్షేమమును అడుగ నక్కఱలేదు. మూడేసి నెలలకొకమారు స్టాక్ మార్కెట్టు వారు దానిని మాకు తెలియజేయుచునే యున్నారు.

తమ రూపమును నే నెఱుగను. ఇది నా ఒక్కని దౌర్భాగ్యము కాదు. తమ వద్దకు పరీక్షకు వచ్చినవారికిని తమ దర్శనము లభింపదు. నలుగురైదుగురు పరీక్షకులు ఒక్కొక్కరు ముప్పావుగంట చొప్పున అభ్యర్థిని ప్రశ్నించి, తమ తమ అభిప్రాయములను వ్రాసి పంపగా, ఆ వ్రాతలను మాత్రమే చదివి, ఆ మనిషి ముఖమైనను చూడని సంఘము ఔననియో కాదనియో నిర్ణయించుట తమ సంస్థలో చిరకాలముగా నున్న ఆచారము. ఒక్క పరీక్షకుని రాగద్వేషములు తీర్పునకు అంటకుండుటకే ఈ యేర్పాటని విన్నాను. ఉద్దేశము మంచిదే. అయినను అడిగినవాడు తీర్పు చెప్పడు, తీర్పు చెప్పినవాడు కనబడడు.

మా తెలుగుదేశమున అవధానమను ప్రక్రియ యొకటి కలదు. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుండి, ఒకరు సమస్య నిచ్చి, ఒకరు దత్తపది నిచ్చి, ఒకరు అక్షర మక్షరమునకును నిషేధము పెట్టి, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగముతో నడుమ నడుమ దారి తప్పించుచుండగా, అవధాని కాగితము, కలము లేకుండ అన్నిటిని ధారణలో నిలుపుకొని పద్యములు చెప్పవలెను. కంపైలరు తోడు లేక, తెల్లని బోర్డు ముందు మార్కరు పట్టుకొని ప్రోగ్రాము వ్రాయు యువకుని తలచుకొన్నప్పుడు నాకు అవధానియే స్ఫురించును. కాని అవధానము నిండుసభలో జరుగును; ఏ పాదమున యతి తప్పెనో, ఏ పూరణము కుంటుపడెనో ముందువరుసలోని రసికులకు తెలియును, వారికంటె ముందుగా అవధానికే తెలియును.

అప్రస్తుత ప్రసంగమును తాము కొంతకాలము మిక్కిలిగా ఆదరించితిరి. 2004లో సిలికాన్ వ్యాలీలోని 101వ రహదారి ప్రక్కన, సంస్థ పేరైనను లేకుండ ఒక పెద్ద బోర్డు నిలిపి, 'ఈ' అను గణిత స్థిరాంకపు అంకెల వరుసలో మొట్టమొదట వచ్చు పది అంకెల ప్రధాన సంఖ్యను కనుగొను డంటిరి. కనుగొని దానిని వెబ్ చిరునామాగా కొట్టినవానికి మరియొక చిక్కుప్రశ్న, దానిని గూడ విప్పినవానికి దరఖాస్తు పంపుమను ఆహ్వానము. ఆ బోర్డును నేను మెచ్చుకొందును. అందు వినోదమున్నది, బలవంతము లేదు. కాని గదిలో కూర్చుండబెట్టి, విమానమున ఎన్ని గోల్ఫు బంతులు పట్టునని అడుగుట వేఱు మాట. అట్టి ప్రశ్నలు కేవల కాలహరణమనియు, అడిగినవానికి తానే తెలివైనవాడనను తృప్తి కలిగించుటకు తప్ప మఱెందులకును పనికిరావనియు అప్పటి తమ మానవ వనరుల అధిపతి లాస్లో బాక్ గారే 2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రికతో చెప్పిరి. నాలుగు ఇంటర్వ్యూలు చాలును, అంతకుమించినచో నిర్ణయమునకు కలుగు మేలు అత్యల్పమని తమ లెక్కలే తేల్చినవి. తన తప్పును తానే కొలిచి ప్రకటించిన ప్రభువు అరుదు, సందేహము లేదు. అయితే ఆ బంతులను లెక్కింపలేక తిరిగిపోయినవారికి పిదప కబురు వెళ్లినట్లు నేను వినలేదు.

మాక్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేరును ఎక్కించుకొనుటకు హోమ్‌బ్రూ అను సాధనమును నిర్మించిన మాక్స్ హోవెల్, తమ యింజనీర్లలో నూటికి 90 మంది దానిని వాడుచున్నను, బైనరీ ట్రీ కొమ్మలను కుడియెడమలు తాఱుమాఱు చేసి బోర్డుపై చూపలేనందున తనను పొమ్మనిరని 2015లో లోకమునకు చాటెను. తొంబదియనుట ఆవేశములోని అతిశయోక్తి కావచ్చును. బాధ మాత్రము అతిశయోక్తి కాదు.

దీనికి భిన్నమైన కథ తమ యింటనే యున్నది. నేడు తమ సంస్థకు అధిపతియైన సుందర్ పిచాయ్ గారు 2004 ఏప్రిల్ 1న, అనగా జీమెయిల్ వెలువడిన దినముననే, ఇంటర్వ్యూకు వచ్చిరట. జీమెయిల్‌ను గూర్చి ఏమందువని అడుగగా, అది ఏప్రిల్ ఫూల్ పరిహాసమేమో అని భ్రమపడి, కంటితో చూడని వస్తువును గూర్చి ఏమియు చెప్పలేకపోయిరట. నాల్గవ పరీక్షకుడు, "నీవు దానిని చూచితివా?" అని అడిగి, చూడలేదనగా తెఱచి చూపెనట; అయిదవవాడు అడిగినప్పుడు సమాధానము వచ్చినది. ఈ సంగతిని 2017లో ఖరగ్‌పూర్ ఐఐటీలో ఆయనయే విద్యార్థులకు చెప్పెను. ఆ నాల్గవ పరీక్షకుని పేరు నే నెఱుగను గాని, తమ సంస్థ చరిత్రలో ఆయన చేసిన మేలు చిన్నది కాదని నా దృఢవిశ్వాసము.

మా వీధిలో ఒక కుఱ్ఱవాడు కలడు. వాడు వెళ్లినది తమ సంస్థకు కాదు. తమ కోవలోని మరియొక దానికి, దాని పేరు చెప్పను. అమీర్‌పేటలో కోచింగు, రాత్రులెల్ల లీట్‌కోడ్‌లో ప్రోగ్రామింగు అభ్యాసము, హాలులో క్యాలెండరు తీసి ఆ మేకునకే వ్రేలాడదీసిన చిన్న వైట్‌బోర్డు. అన్ని రౌండులు ముగిసిన పిమ్మట రెండు వరుసల మెయిలు వచ్చినది: ఈ పర్యాయము ముందుకు సాగలేకపోవుచున్నాము, శుభాకాంక్షలు. "ఏం తప్పు చెప్పావురా?" అని తల్లి అడిగెను. "తెలీదమ్మా" అనెను వాడు. మఱునాడు బోర్డుపై మరల ఒక బైనరీ ట్రీ గీయుచుండెను. ఏది దిద్దుకొనవలయునో తెలియనివాడు అన్నిటిని దిద్దుకొనును గదా.

కావున ఏలినవారికి నా విన్నపము స్వల్పము. తిరస్కార లేఖలో ఒక్క వాక్యము చేర్పుడు: ప్రశ్న పూర్తిగా వినకమునుపే వ్రాయ మొదలిడితివనియో, ప్రోగ్రాము నడిచినను మిక్కిలి ఆలస్యముగా నడిచెననియో, లేక నీ లోపమేమియు లేదు, ఖాళీయే నిండిపోయెననియో. వ్యాజ్యముల భయముచే న్యాయవాదులు వలదందురేమో; కాని పరీక్షకుల అభిప్రాయములు తమ చేత వ్రాతపూర్వకముగా సిద్ధముగనే యున్నవి, అందుండి ఒక్క పంక్తి తీసి యిచ్చుటకు అధిక శ్రమ లేదు. ఈ విన్నపమును గూడ తిరస్కరింపదలచినచో, కారణమును మాత్రము తెలుపుడు.

చిత్తగింపవలెను.