ఇద్దరి చేతి కర్రను

నేను వెదురు కర్రను. నిర్మల్ వైపు ఒక పొలం గట్టు మీద పెరిగాను. లోపల బోలు తక్కువగా ఉండే గట్టి జాతి మాది. పొలం పెద్దాయన నన్ను కోసి, నీడన ఆరబెట్టి, కణుపులు నున్నగా చెక్కి, కొసకు ఇనుప పొన్ను తొడిగాడు. "గుట్టలు, వాగులు తిరిగే పిచ్చి మీ ఇద్దరిది. ఇది పట్టుకపో బిడ్డా" అని కూతురి చేతిలో పెట్టాడు.

వానలు కాస్త తెరిపిచ్చిన శనివారం ఆలుమగలిద్దరూ కుంతాల జలపాతానికి బయలుదేరారు. నేరడిగొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి వదిలితే టేకు అడవి మొదలు. కడెం నది అక్కడ దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దూకుతుంది. దాన్ని కింద నుంచి చూడాలంటే వందల మెట్లు దిగాలి.

ఎక్కడమే కష్టమని జనం అనుకుంటారు. మోకాళ్లనడగండి, దిగడమే కష్టమంటాయి. ఆయన కుడి మోకాలిలో పాత నొప్పి ఉంది. పైకొస దగ్గర పట్టుకుని, ఒక మెట్టు ముందు నన్ను ఆనించి, ఆ తర్వాతే కాలు మోపాడు. ఆ బరువు నా ప్రతి కణుపుకూ తెలిసింది. తిరిగి ఎక్కేటప్పుడు ఆయాసం ఆమెది. "జర ఆగు బావా" అంటూ నన్ను అందుకుని, రెండు కణుపులు కిందికి పట్టుకుంది. ఎక్కేవాళ్లకు కర్ర పొట్టిగా ఉండాలి, దిగేవాళ్లకు పొడుగ్గా. పట్టు మార్చుకుంటే నేను రెండిటికీ పనికొస్తాను.

అంతకుముందు, కింద జలపాతం దగ్గర ఆయన ఫొటో కోసం నీటి అంచు బండ మీదికి అడుగేయబోయాడు. ఆమె నన్ను అడ్డం పెట్టింది. "వద్దు బావా. పాకుడు చూడు." ఆ బండను నేను పొడిచి చూశాను, ఇనుప పొన్ను కూడా నిలవలేదు. పైకి నిమ్మళంగా కనిపించే ఆ గుండాలు ఎందరు పిల్లలను మింగాయో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. నీళ్లను చూసి మురవడానికి నీళ్లలోకి దిగనక్కర్లేదు. ఆమె అడ్డుపెట్టినందుకు నాకెంతో గర్వంగా ఉంది.

ఆదివారం పొద్దున పోచెర జలపాతం. ఎత్తు 20 మీటర్లే అయినా వెడల్పాటి నల్లబండల మీద నీళ్లు పరుచుకుని దూకే తీరు నాకు కుంతాల కన్నా నచ్చింది. ఇద్దరూ చాలాసేపు మాటల్లేకుండా కూర్చున్నారు.

మధ్యాహ్నం కడెం జలాశయం. నిన్న కుంతాలలో దూకిన నది ఇక్కడ చెరువులా పరుచుకుంటుంది, కాలువలెక్కి జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట పొలాలకు పోతుంది. అన్నివేళలా ఇంత నెమ్మది కాదు. 1958లో వరద ఈ కట్టను తెంపింది. 2022 జులైలో నీళ్లు గేట్ల పైదాకా వస్తే దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ సంగతి చెబుతూ ఆమె కట్ట మీద నెమ్మదిగా నడిచింది. నేను ఒకసారి ఆమె చేతిలో, ఒకసారి ఆయన చేతిలో.

"ఇంకో కర్ర కావాలె" అన్నాడాయన.

"ఇద్దరికీ ఇదే సరిపోయింది గద బావా?"

"యాడ సరిపోయింది? నేను మెట్లు దిగుతుంటే నువ్వు ఉత్త చేతులతో దిగినవ్."

ఆయన మాటే సరైనది. అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు: "మామా, గట్టు మీద మంచి వెదురు ఇంకోటి చూసి పెట్టు."