గన్ మహారాజు కొలువుదీరిన విధంబు

హైదరాబాదులో ఉప్పల్ విడిచి, నాచారం కార్ఖానాలు దాటి ఉత్తరంగా పోగా పోగా, అయ్యగారి సాంబశివరావు గారి దీక్షచే 1967లో వెలసిన ఈసీఐఎల్ అను పురంబు కలదు. ఆ పురంబున పుట్టి ఇంటింటా ప్రతిష్ఠితమైనది ఈసీ టీవీ అను పెట్టె. పెట్టె లోపల పిక్చర్ ట్యూబు. ట్యూబు మెడలో వేలెడంత ఎలక్ట్రాన్ గన్. పెట్టెను పొగిడినవారే గానీ గన్‌ను కీర్తించిన కవి లేడు. కావున దాని జన్మవృత్తాంతం వినుము జనమేజయా!

దుమ్ము చొరరాని గదిలో, వేళ్లకు రబ్బరు తొడుగులు వేసుకొని, ఆపరేటరమ్మ పట్టకారుతో చిన్న గిన్నె వంటి మొదటి గ్రిడ్డును ఎత్తి, నిటారుగా నిలిచిన ఉక్కు సూదికి గుచ్చెను. ఆ గిన్నె నట్టనడుమ మిల్లీమీటరుకు తక్కువ రంధ్రం. దానిపై సన్నని రేకు అడ్డు, ఆపై రెండో గ్రిడ్డు, మళ్లీ అడ్డు, పిదప ఫోకస్ ఎలక్ట్రోడు, ఆనోడు. అన్ని రంధ్రాలూ ఒకే గీతన నిలవవలె. కురుసభలో ఇంత వరుస ఉంటే భారతం పద్దెనిమిది పర్వాలు సాగేదే కాదు.

అంతట గాజుకడ్డీలు గ్యాసు మంటల్లో బెల్లం పాకంలా మెత్తబడగా, యంత్రం రెండు పక్కలనుంచీ నొక్కెను. ఎలక్ట్రోడ్ల కొక్కేలు గాజులోకి దిగెను. చల్లారాక సూదినీ రేకులనూ లాగివేస్తే, ఒకరినొకరు తాకక, ఒకరినొకరు విడువక నిలిచిన కొలువు! నన్నడిగితే అసలు రాచరికం గాజుదే. కరెంటును పారనివ్వదు, ఎవరినీ కదలనివ్వదు.

కడపట కాథోడు మహారాజు వేంచేసెను. నికెల్ కిరీటం, దానిపై బేరియం, స్ట్రాంషియం కార్బొనేట్ల తెల్లని పూత, కడుపులో హీటరు. ఆయన కిరీటానికీ మొదటి గ్రిడ్డుకూ నడుమ ఎడం మిల్లీమీటరులో పదో వంతు. మైక్రోస్కోపు కింద దాన్ని సరిచూచి వెల్డు పెట్టే వేళ, ఆ గదిలో తుమ్మినవాడే పరమశత్రువు.

ఇంత రాద్ధాంతం ఎందుకందురా? కాథోడు వేడెక్కగానే ఎలక్ట్రాన్లు అక్షౌహిణులుగా కదలును. రుణ ఓల్టేజీ దండం పట్టిన మొదటి గ్రిడ్డు అను ద్వారపాలకుడు ఎక్కువమందిని వదిలితే తెర తెలుపు, ఆపేస్తే నలుపు. ఎడం వెంట్రుకవాసి మారిందా, అతడి మాట చెల్లదు. దాటినవారిని ఫోకస్ మంత్రి ఒక్క చుక్కగా కూర్చగా, 10,000 ఓల్టులకు పైబడిన ఆనోడు లాగగా, సెకనుకు 15,625 గీతలు గీస్తూ ఆ సేన 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్ రామాయణంలో అయోధ్యను నిలబెట్టెను.

రంధ్రం ఇసుమంత పక్కకు జరిగితే రాములవారి మొహం మసక. అయినా ఆ అపరాధం గన్ మీద మోపిన గృహస్థు లేడు. నాచారంలో పెద్దకొడుకు మేడెక్కి అల్యూమినియం యాంటెన్నా పట్టుకొని “వచ్చిందా?” అని కేకవేయగా, కిందినుంచి తండ్రి గర్జించెను: “జరంత రామంతాపూర్ టీవీ టవర్ దిక్కు తిప్పురా!”